తల ఎత్తమని ఒక్క మాట

మొన్న జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో, పెళ్లికొడుకు తాతను వేదిక మీద నిలబెట్టి ఫోటో తీస్తున్నతను కెమెరా దించకుండానే, "తాతా, గదువ జెర పైకి" అన్నాడు. ఆ తాత నా స్నేహితుడు. కోరుట్ల కాలేజీలో మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. అతను వెంటనే గడ్డం పైకెత్తి, ముందు పన్ను ఊడిన సందు కనబడేటట్టు నవ్వాడు, లైటు మెరిసింది, ఫోటో అయిపోయింది. ఆ తరువాత వరుసగా ఎవరు నిలబడినా అతను అదే మాట అన్నాడు, అందరూ అదే విధంగా తల ఎత్తారు, ఎవరికీ అందులో విశేషమేమీ కనబడలేదు. ముందు వరుసలో నా కోసం వేయించిన కుర్చీలో కూర్చొని చూస్తున్న నేను మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాను. ఎందుకంటే ఆ ఒక్క మాట అనవలసిన అవసరం ఒకప్పుడు నాకు వచ్చింది, నేను అంటే తప్ప వినని మనిషి నా ఎదుట నిలబడి ఉన్నాడు, అయినా నేను అనలేదు.

మేము ఎవరమో ముందు చెప్పాలి. మన ఈడు వాళ్లకయితే ఊరి పేరు చెబితే చాలు, మిగతాది వాళ్లకే తెలుస్తుంది. కానీ ఆ పేరు నేను రాయను, ఆ ఊళ్లో ఇప్పుడు మావాళ్లంటూ ఎవరూ లేరు. సారంగాపూర్ పక్కన, గుట్ట కింది ఊరు. అక్కడ మాకు గడి, కోట వంటి దొరల ఇల్లు, ఉండేది. నాకు బుద్ధి తెలిసేనాటికే పంపకాలు, కోర్టులు, భూముల చట్టం కలిసి దాన్ని గోడల దాకా తినేశాయి, ఆపైన ఊళ్లో గాలి మారింది, ఒకనాడు పొద్దున సామాను లారీలో వేసుకొని కోరుట్లలో అద్దె ఇంటికి వచ్చేశాం. వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నవి కొన్ని ఇత్తడి గిన్నెలు, ఒక ఇనుప పెట్టె, మా పెదనాన్న హైదరాబాదు నుంచి తెచ్చుకున్న కెమెరా. వీటితోపాటు ఇంకొకటి కూడా వచ్చింది. గోడకు ఆనుకొని కూర్చోవడం మా ఇంట్లో నామోషీ. మా నాయనమ్మ ఎనభై ఏళ్ల వయసులోనూ పీట మీద నిలువుగా కూర్చొని, మా వీపు ఒక్క వేలెడు వంగినా వెనుక నుంచి పొడిచేది. బస్సులో నేను ఇప్పటికీ సీటుకు చేరగిలబడను.

ఆ కెమెరా మన ఈడు వాళ్లు స్టూడియోల్లో చూసే ఉంటారు. ఒకదాని మీద ఒకటిగా రెండు కళ్లున్న పెట్టె, మెడకు తగిలించుకుంటే రొమ్ము దగ్గర వేలాడుతుంది, పైమూత తీసి లోపలి అద్దంలోకి తొంగి చూడాలి. ఎదుటి మనిషి అందులో కుడి ఎడమలు తారుమారై చిన్నగా, ఎంతో నిదానంగా కదులుతూ కనబడతాడు. తల వంచకుండా ఆ కెమెరాతో ఫోటో తీయడం సాధ్యం కాదు. ఈ ఇంటి మగవాళ్లు తల వంచేది దీనికొక్కదానికే అని మా పెదనాన్న నవ్వేవాడు. రీలుకు పన్నెండు ఫోటోలు. అద్దె ఇంటి వెనుక గోడ మీద కాకులను, బావిని, మా అమ్మ చేతులను తీసి తీసి ఆ విద్య నాకు కొంత పట్టుబడింది. రీలు కొనడం కష్టమైన నెలల్లో ఉత్త కెమెరాతోనే నొక్కుతూ సాధన చేసేవాణ్ణి.

నా స్నేహితుడి తండ్రి మా ఊళ్లో తాళ్లెక్కి కల్లు గీసే గౌడు. అప్పట్లో ఒక మర్యాద ఉండేది, చెట్టు ఎక్కే ముందు అతను కింద నిలబడి పొడుగ్గా ఒక కేక వేసేవాడు. చెట్టు మీదినుంచి గడి వాకిలి లోపలి దాకా కనబడుతుంది గనుక, ఆ కేక వినగానే ఆడవాళ్లు లోపలికి వెళ్లిపోయేవారు. నేను మాత్రం వాకిట్లోనే నిలబడి చూసేవాణ్ణి. నడుముకు మోకు బిగించుకొని, చెట్టును కౌగిలించుకున్నట్టు కాక దానితో సమానంగా నిలబడ్డట్టు, నిటారుగా ఎక్కేవాడు. మా ఇంట్లోవాళ్లు తల ఎత్తి చూసిన మనిషి ఊళ్లో అతనొక్కడే. అదే మనిషి కిందికి దిగి, కుండ పట్టుకొని గడి మలుపు దగ్గరికి వచ్చేసరికి చెప్పులు విడిచేవాడు, తలరుమాలు తీసి చంకలో పెట్టుకునేవాడు, అక్కడి నుంచి అతని కళ్లు నేల మీదనే ఉండేవి. మేము గడి విడిచి వచ్చేశాక కూడా, తాళం వేసిన ఆ దర్వాజా ముందు నుంచి పోయేటప్పుడు అతను అట్లాగే రుమాలు తీసేవాడని ఊరివాళ్లు చెప్పుకొని నవ్వేవారట.

కోరుట్లకు కొడుకును చూడడానికి వచ్చినప్పుడు అతను మా అద్దె ఇంటికీ వచ్చేవాడు. గడప బయటే నిలబడేవాడు, ఎంత చెప్పినా కూర్చునేవాడు కాదు, నన్ను చిన్నదొరా అని తప్ప పిలిచేవాడు కాదు. పక్క వాటాలో ఉండే గుమాస్తా పెళ్లాం తలుపు సందులోంచి ఆశ్చర్యంగా చూసేది. ఇంటి ఓనరమ్మ మా అమ్మను నీళ్ల బిందెలు లెక్కపెట్టి మరీ తిడుతుండే రోజులవి. దాచుకోవడం ఎందుకు, అతను వచ్చి ఆ గడప ముందు నిలబడ్డ ఆ కాసేపు నాకు బాగుండేది. ఆ కాసేపు నేను ఏ ఇంట్లో పుట్టానో ఆ ఇంటి వాణ్ణి అయ్యేవాణ్ణి.

కొడుకు తండ్రి వంటివాడు కాదు. క్లాసులో నా కంటే ముందు ఉండేవాడు, నన్ను దోస్తూ అని పిలిచేవాడు, సద్ది విప్పి సగం నా ముందుకు తోసేవాడు. నేను డిగ్రీ తప్పి రైసు మిల్లులో కుదురుకునేనాటికి అతనికి సిరిసిల్లలో చిన్న ఉద్యోగం దొరికింది. ఆ మరుసటి ఎండాకాలం సంబంధం కుదిరింది. చందుర్తి దిక్కు పిల్ల. ఆ పిల్ల మేనమామ సిరిసిల్లలో కల్లు దుకాణాలు నడిపే పెద్దమనిషి, మెడలో గొలుసు, చేతికి కడెం, మాట ముందు మనిషి వెనుక. అటువైపు ఆర్భాటం ఉంది కానీ ఫోటోల సంగతి మగపెళ్లివారు చూసుకోవాలన్నారు, స్టూడియో వాణ్ణి పిలిచే శక్తి నా స్నేహితుడికి లేదు. జగిత్యాలలో రెండు రీళ్లు కొని, వాటిని ఎండకు కాగకుండా తడిగుడ్డ చుట్టిన డబ్బాలో పెట్టుకొని, నా దగ్గరికి వచ్చాడు.

అంటే ఇరవై నాలుగు ఫోటోలు, మొత్తం పెళ్లికి. అవి ఎట్లా వాడాలో ఇద్దరం కూర్చొని కాగితం మీద రాసుకున్నాం. ఎదురుకోళ్లకు ఒకటి, జీలకర్ర బెల్లానికి రెండు, తాళికి మూడు, ఎందుకంటే ఒకటి చెడిపోయినా ఇంకొకటి ఉండాలి. ఎవరెవరి చుట్టాలను కలిపి నిలబెడితే ఒక్కదాంట్లో వస్తారో కూడా లెక్క చూశాం. కాగితం మడుస్తూ అతను తన కోసమని అడిగింది ఒక్కటే.

"అన్నీ కరాబైనా మంచిదే, మా బాపుది ఒక్కటి నిండుగ తియ్యి. తలెత్తి సూడాలె. ఆయినె ఇప్పటిదాక ఫోటో దిగలే."

సరే అన్నాను.

పెళ్లినాడు మేము లారీలో బయలుదేరాం. నన్ను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు, పెళ్లికొడుకు తండ్రి వెనుక ఆడవాళ్లతో, సామానుతో పాటు నిలబడి వచ్చాడు. చందుర్తి దిక్కు ఆ ఊళ్లో దిగేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. పందిరి కింద వెలుతురు తక్కువ, అంచుల దగ్గర మాత్రం మంచి వెలుతురు, నా దగ్గర ఫ్లాషు లేదు. కాబట్టి పూజారిని, పీటలను కొంచెం అంచుకు జరపమని అడగవలసి వచ్చింది, ఆ అడగడం నాకు చేతకాలేదు, ఎవరో పెద్దావిడ నా మొహం చూసి తనే జరిపించింది. మెడలో కెమెరా చూసి అక్కడివాళ్లంతా నన్ను సిరిసిల్ల నుంచి వచ్చిన స్టూడియో మనిషి అనుకున్నారు. ఓ ఫోటో, ఇటు రా ఫోటో, గా ముసలమ్మను గుంజు ఫోటో అని పిలుస్తుంటే నేను జవాబు ఇవ్వకుండా కాగితంలో రాసుకున్న వరుస ప్రకారం నా పని నేను చేసుకుపోయాను.

తలంబ్రాలు అయ్యాక నా స్నేహితుడు తండ్రిని నా దగ్గరికి పంపించాడు. పందిరి అంచున, సున్నం వేసిన గోడ ముందు అతన్ని నిలబెట్టాను. కొత్త ధోవతి, దుకాణం మడతలు ఇంకా పోలేదు, తలకు కొత్త రుమాలు, గోడ మీది తెలుపు మొహానికి కొట్టి ఒక్కొక్క గీతా కనబడుతోంది. అంతకంటే మంచి వెలుతురు ఆ రోజు మరెక్కడా లేదు. నేను మూత తీసి అద్దంలోకి తల వంచాను. ఆ అద్దంలో అతను మెల్లగా రుమాలు తీసి చంకలో పెట్టుకొని, రెండు చేతులూ జోడించి, తల దించుకున్నాడు.

ఒకటి నొక్కాను. రీలు తిప్పి ఆగాను. అతను అట్లాగే ఉన్నాడు. చుట్టూ జనం పోగయ్యారు. ఆడపెళ్లివారి మనిషి ఒకామె నవ్వాపుకోలేక, "ఏందే బావా, కొడుకు పెండ్లిల నేల జూస్తున్నవ్, పైసలు గిట్ల పారేసుకున్నవా?" అంది. అందరూ నవ్వారు, అతను కూడా పెదవులతో నవ్వాడు, తల మాత్రం ఎత్తలేదు. పీటల మీదినుంచి బాసికం కట్టిన నా స్నేహితుడు మెడ చాచి చూస్తున్నాడు.

"నువ్వు చెప్పు దోస్తూ, తలెత్తుమని. నేను జెప్తె ఇంటలేడు. నువ్వంటె ఇంటడు."

నిజమే. నేనంటే వింటాడు. మా తాత మాట, మా నాయన మాట ఎట్లా విన్నాడో నా మాట కూడా అట్లాగే వింటాడు. తల ఎత్తు అంటే చాలు, ఎత్తి, దించమనేదాకా అట్లాగే ఉంచేవాడు. నేను అనలేదు. ఆ పందిరి కింద నన్ను ఇంకా చిన్నదొరగా చూసేవాడు అతనొక్కడే, నన్ను పేరు లేని ఫోటోను చేసిన అంతమంది ముందు, నోరు విప్పకుండా, నేనెవరినో చెబుతున్నవాడు అతనొక్కడే. దాన్ని నా నోటితో నేనే ఆపుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంకో రెండు నొక్కాను. మూడింటిలోనూ నడినెత్తి, జోడించిన చేతులు. వచ్చింది, చాలు అని చెప్పి మూత మూశాను.

భోజనాలు పందిరి వెనుక వేశారు. నేల మీద చాపలు, మోదుగు విస్తళ్లు. మొదటి బంతిలో నడుమ పెళ్లికొడుకు, అతని పక్కన తండ్రి. నేను ఆ బంతి చివర, కెమెరా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. విస్తరి మీద నీళ్లు చల్లాను, ఉప్పు వేశారు, మామిడికాయ తొక్కు వేశారు. అన్నం గంప నా దాకా వస్తుండగా, ఆ మేనమామ వచ్చి నా నెత్తి మీద నిలబడ్డాడు.

"నువ్వెట్ల గూసున్నవ్ ఫోటో? గిది సుట్టాల బంతి. లే. బ్యాండోళ్లతోని తిందువు."

అతనిలో కోపం కూడా లేదు. లెక్క తప్పిన పీటను జరిపినట్టు జరిపాడంతే. మా ఇంట్లో వడ్డించిన విస్తరి ముందు నుంచి లేవడం చావు కబురు వస్తే తప్ప జరిగేది కాదు. నేను లేచాను. ఫలానా వాణ్ణి అని చెబితే అక్కడికక్కడే ఆ మేనమామ నాలుక కరుచుకునేవాడేమో, చందుర్తి దాకా మా పేరు తెలియకపోదు. కానీ తన పేరు తాను చెప్పుకొని కూడు అడిగేవాడు ఇంకా పడిపోవడానికి ఏమి మిగిలి ఉంటుంది? కెమెరా మెడకు తగిలించుకొని నిలబడ్డాను. బంతిలో సగం మంది నన్ను చూశారు, సగం మంది అన్నం చూసుకున్నారు.

అప్పుడు, నా స్నేహితుడు నోరు తెరిచేలోగానే, పెళ్లికొడుకు తండ్రి తన విస్తరి ముందు నుంచి లేచాడు. తలకు రుమాలు ఉంది, తీయలేదు. చేతులు జోడించలేదు. కుడి చేయి తడిగా ఉంది గనుక ఎడమ చేయి నా వైపు చాచి, నేను పుట్టిన నాటి నుంచి మొదటిసారిగా నా కళ్లలోకి సూటిగా చూశాడు.

"ఇటు రా కొడుకా. నా పక్కపొంటి కూసో."

కొడుకా అన్నాడు. ఆ మొహంలో ఎగతాళి ఉంటే నేను భరించేవాణ్ణి, గడి మీద పగ ఉన్నా భరించేవాణ్ణి, ఆ రోజుల్లో అవి రెండూ మాకు అలవాటైనవే. అక్కడ ఉన్నది జాలి. అన్నం ముందు నుంచి లేపబడ్డ పరాయి పిల్లవాణ్ణి చూస్తే బిడ్డలున్న ఏ మనిషికైనా కలిగే జాలి. నా మొహాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. మూత తీసి కెమెరాలోకి తల వంచాను. లోపల అద్దంలో అతను అట్లాగే చేయి చాచి నిలబడి ఉన్నాడు. నా వేలు దానంతట అదే నొక్కింది. ఆ తరువాత తల ఎత్తకుండానే వెనక్కి తిరిగి, లారీ దాకా నడిచి, దాని నీడలో నిలబడ్డాను. ఆనాడు నేను ఏమీ తినలేదు. మిగిలిన ఫోటోలు తీయడానికి మళ్లీ వచ్చాను, ఒప్పుకున్న పని గనుక. వాటిలో ఆ మేనమామ మూడు చోట్ల ఉన్నాడు, మూడింటిలోనూ గొలుసు వచ్చింది, తల రాలేదు. అది కావాలని చేసిందే, దాని గురించి నాకు ఇప్పటికీ విచారం లేదు.

కోరుట్లలో నాకు తెలిసిన స్టూడియో ఆయన చీకటి గది వాడుకోనిచ్చేవాడు. కడిగిన ఫిల్ములు ఆరాక కిటికీకి పట్టి చూశాను. ఇరవై నాలుగింటిలో అన్నిటికంటే బాగా వచ్చింది బంతి దగ్గరిది. నలుపు తెలుపులు తిరగబడ్డ ఆ ఫిల్ములో కూడా కళ్లు నా మీదనే ఉన్నాయి. కత్తెర తీసుకొని దాన్ని ఒక్కదాన్ని విడిగా కత్తిరించి, వెన్న కాగితంలో చుట్టి ఇనుప పెట్టెలో వేశాను. మిగిలిన ఇరవై మూడు అచ్చు వేసి ఇచ్చాను. నా స్నేహితుడు వాటిని రెండుసార్లు తిరగేశాడు. ఇంకొకటి ఉండాలి గదా అన్నాడు. వెలుతురు పడి పోయిందని చెప్పాను. నా మొహం వైపు కాసేపు చూసి, పోనీ తియ్యి అన్నాడు.

ఆ ఏడే తొలకరి వానలకు తాడిచెట్టు తడిసి, మోకు జారి, అతని తండ్రి కింద పడిపోయాడు. ఆస్పత్రి దాకా కూడా పోలేదు. మూడోనాడు నా స్నేహితుడు కోరుట్లకు వచ్చాడు, తండ్రి నిలబడినట్టే గడప బయట నిలబడ్డాడు. మైల గనుక అనుకున్నాను. పదకొండో దినానికి పటం కట్టించాలి, ఉన్న మూడింటిలోనూ మొహం లేదు.

"ఒక్కటన్న లేదా, తలెత్తింది? పాడైందున్నా సరే. మొఖం కనవడితె చాలు."

నేను మంచం మీద కూర్చొని ఉన్నాను. ఇనుప పెట్టె ఆ మంచం కిందనే ఉంది, వంగితే చేతికి అందుతుంది. లేదు అన్నాను. ఎందుకు అన్నావని చదివేవారు అడగవచ్చు, నేను కూడా ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను, ఎంత అడిగినా ఒకే జవాబు. ఆ పటం పెద్దదిగా చేయించి, దండ వేసి, దినానికి వచ్చిన నలుగురి ముందు పెడితే, చూసిన ప్రతివాడూ ఈ మనిషి ఇంత జాలిగా ఎవరిని చూస్తున్నాడు అని అడుగుతాడు. దానికి జవాబు నేను. చచ్చిపోయిన మనిషికి మొహం లేకుండా చేయడం నాకు దానికంటే సులువుగా అనిపించింది. నేను దినానికి వెళ్లలేదు, మిల్లులో పని ఉందని కబురు పంపాను.

అయినా నా స్నేహితుడు నన్ను విడిచిపెట్టలేదు. పిల్లలు పుడితే పిలిచాడు, బిడ్డ పెళ్లికి పిలిచాడు, రిటైరయితే పిలిచాడు. ఏ హాల్లో విందు జరిగినా తానే వచ్చి నా చేయి పట్టుకొని తీసుకెళ్లి, మొదటి బంతిలో తన పక్కన కూర్చోబెట్టుకొని, నా విస్తరిలో మొదటి ముద్ద పడేదాకా తాను చేయి పెట్టేవాడు కాదు. బల్లలు, కుర్చీలు, చేతిలో ప్లేటు పట్టుకొని నిలబడి తినే పద్ధతి వచ్చాక కూడా, నాకొక కుర్చీ వేయించి, పక్కన తానొకటి వేసుకునేవాడు. అది మా ఇంటికి దక్కవలసిన మర్యాద అనుకున్నాను. మామూలుగా తీసుకున్నాను.

మొన్న జగిత్యాలలో అతని మనుమడి పెళ్లి చూసి వచ్చిన మరునాడు ఇనుప పెట్టె తెరిచాను. వెన్న కాగితం పసుపు రంగుకు తిరిగింది, లోపలి ఫిల్ముకు ఏమీ కాలేదు. జగిత్యాలకే తీసుకుపోయి ఒక స్టూడియోలో ఇచ్చాను. అక్కడ కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి దాన్ని తెర మీదికి ఎక్కించి, నలుపును తెలుపు చేసి, పెద్దది చేసింది. మచ్చలు తుడిచే పనేమీ లేదంది. కాసేపు చూసి, "ఎవలు సార్ ఈయన? మిమ్ములనే పిలుస్తున్నట్టున్నడు" అంది. ఫ్రేము కట్టించి, కాగితం చుట్టించుకొని, వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను. గుడికి పోయేవాళ్ల కోళ్లు, బెల్లం మూటలు, పిల్లల ఏడ్పుల మధ్య పటాన్ని ఒళ్లో నిలబెట్టి పట్టుకొని, వీపు సీటుకు ఆనకుండా కూర్చున్నాను. ఇది క్షమాపణ అనుకోలేదు, మా ఇంట్లో ఆ అలవాటు లేదు. ఒకరి వస్తువు నా దగ్గర ఉండిపోయింది, ఇచ్చివేస్తున్నాను అనుకున్నాను.

సిరిసిల్లలో అతని ఇల్లు మగ్గాల సందులో ఉంది, మాట్లాడాలంటే ఆ మోతకు తలుపు వేసుకోవాలి. విందులన్నీ హాళ్లలో జరిగాయి గనుక లోపలి గది దాకా నేను ఎన్నడూ పోలేదు. ఆనాడు తీసుకుపోయాడు. దేవుడి అలమర పక్కన వాళ్ల నాయన పటం ఉంది. నేను తీసిన మూడింటిలో ఒకటి, వంచిన తల, జోడించిన చేతులు. పెద్దది చేసినప్పుడు పెయింటరు ఎవరో దానికి రంగులు వేసి, మూలన వేములవాడ గోపురం, దాని మీద చిన్న జెండా గీశాడు. కొత్తగా వచ్చిన మనుమడి భార్య అప్పుడే దానికి పువ్వు పెట్టి మొక్కుతోంది. మా ముత్తాత రాజన్న భక్తుడట సార్, ఫోటో దిగేటప్పుడు కూడా దేవుడికే మొక్కుతున్నడట అని ఆ పిల్ల నాకు గౌరవంగా చెప్పి వెళ్లింది.

నేను కాగితం విప్పి నా పటాన్ని మంచం మీద పెట్టాను. అతను అద్దాలు పెట్టుకొని వంగి చూశాడు. బయట ఒక మగ్గం ఆగి మళ్లీ మొదలైంది. బొటనవేలితో అద్దం మీద తండ్రి మొహాన్ని ఒకసారి తుడిచాడు. అతని భార్య తలుపు దగ్గరికి వచ్చి, చూసి, వంటింట్లోకి పోయింది.

"నువ్వు బంతి కాడ ఇది గుంజంగ నేను జూసిన. పక్కకే ఉంటి గద," అన్నాడు. గొంతులో కోపం లేదు. "దినానికి తెస్తవనుకున్న. ఏడాది మాసికం దాక జూసిన. ఇగ అడుగుడు బందువెట్టిన."

ఇప్పుడు తెచ్చాను, పెట్టుకో అన్నాను. నా గొంతు నాకే ఆజ్ఞలాగా వినబడింది.

అతను పటాన్ని బోర్లించి, నేను తెచ్చిన కాగితంలోనే, పాత మడతలు ఎక్కడివి అక్కడ పడేటట్టు చుట్టి, దారం కట్టాడు.

"ఇంట్ల అందరికి మా బాపు దేవునికి మొక్కుతుండని జెప్పిన. పిల్లలు గట్లనే పెరిగిండ్రు. ఇప్పుడు ఇది వెడితె, మరి గా ఫోటోల మొక్కింది ఎవలికని అడుగుతరు. నీ పేరు చెప్పాల్నా దోస్తూ?"

అతను జవాబు కోసం ఆగలేదు. అన్నం వేళయిందని లేపి, చేతులు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నా పళ్లెంలో మొదటి ముద్ద పడేదాకా తాను చేయి పెట్టలేదు. అది మా ఇంటి మర్యాద కాదని, చందుర్తి దిక్కు పందిట్లో ఒక మనిషి పిలిచిన పిలుపును అతని కొడుకు ఇన్నేళ్లుగా ఆ మనిషి తరఫున నెరవేరుస్తున్నాడని, ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాక గాని నాకు తెలియలేదు. తిన్నాను. బస్టాండు దాకా వచ్చి, పటాన్ని తానే మోసుకొచ్చి, నేను కూర్చున్నాక ఒళ్లో పెట్టి వెళ్లాడు.

కాలం మారిందని మన ఈడు వాళ్లం ఎక్కడ కలిసినా అనుకుంటాం. మారిన మాట నిజమే. ఒక్క పెళ్లికి వేల ఫోటోలు తీస్తున్నారు, ఎవడు ఎవడి ముందు నిలబడినా గడ్డం ఎత్తే నిలబడుతున్నాడు, ఫోటో తీసేవాడు కూడా తల వంచవలసిన అవసరం లేదు. మా గడి ఉన్న చోట ఇప్పుడు వడ్లు ఆరబోస్తున్నారని విన్నాను. అది నాకు బాధగా ఉందా అంటే, ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు బాధ వేరే ఉంది. ఆ రోజుల్లో ఒకరి తల ఎత్తించడానికి రెండు రీళ్లు, గోడ మీద కాస్త వెలుతురు, ఒక్క మాట ఉంటే సరిపోయేది. రీళ్లు అతని కొడుకు కొన్నాడు, వెలుతురు దేవుడిచ్చాడు.

పటాన్ని కోరుట్లలో నా గదిలోనే తగిలించాను, వేరే చోటు లేదు. నేను అన్నం తినే బల్లకు సరిగ్గా ఎదురుగా పడింది. చేయి చాచి, కళ్లలోకి చూస్తూ ఉంటాడు, నేను వీపు నిలిపి తింటాను. అతను కూర్చోమన్న ఆ పక్కన, గోడకే, ఒక కుర్చీ పట్టేంత చోటు ఉంది. అక్కడ కూర్చుంటే ఆ చూపు నా మీద పడదు. రోజూ కుర్చీ వైపు చూస్తాను. దాన్ని ఇంకా జరపలేదు.